నొప్పి ఎవరికి

ఇల్లు, మూడో అంతస్తు

వదినకి నమస్కారాలు,

మీ తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశాం. తెచ్చేశాం అంటే, కింద నుంచి నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసిన మనిషి, సొంత బిల్డింగులో లిఫ్టు ఆగిపోతే కుర్చీలో ఊగుతూ పైకొచ్చారు. రెండో అంతస్తు ఆవిడ తలుపు తీసి చూసి, "ఈయనే కదా మన లిఫ్టు చూసేది, ఇక మన గతేంటి" అంది. ఆయనకి వినపడింది.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేంటి అనుకుంటారు. మాకున్నది ఒక గది, ఒక వంటిల్లు. ఎంత గుసగుసగా మాట్లాడినా మంచం మీదకి వినిపిస్తుంది. ఆయన గురించి ఆయన ముందే ఎలా చెప్పను? అందుకని లాండ్రీలో పని మధ్యలో రాయడం మొదలుపెట్టి, మిగతాది వంటింట్లో పొయ్యి పక్కన నిలబడి పూర్తి చేస్తున్నాను. మీరు మాత్రం లాండ్రీ అడ్రసుకే రాయండి. ఇంటికి రాస్తే ఆయన చేతిలో పడుతుంది.

కాలు మోకాలి పైదాకా తీసేశారు కదా, కుట్లు ఆరాయి. డాక్టర్లు బాగానే ఉందంటున్నారు. వాళ్ళకి కాలే కనబడుతుంది మరి. ఇంట్లో మాత్రం ఏదీ బాగా లేదు. గోడవైపు తిరిగి పడుకుంటారు. పలకరిస్తే విసుగు. తిండి సహించడం లేదు, నిద్ర లేదు, పొద్దున లేస్తే ఒళ్ళంతా బరువు.

మీరు నర్సుల్ని తయారుచేసే మనిషి. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, ఆ అధికారం మీరు నా మీద ఎప్పుడూ చూపించలేదు. ఇప్పుడు చూపించండి. ఏం చేయాలో చెప్పండి, చేస్తాను.

మీ మరదలు


నర్సింగ్ స్కూలు హాస్టలు, వార్డెను గది పక్క గది

మరదలా,

అధికారం చూపించమన్నావు కాబట్టి ముందు చీవాట్లు. "ఏదీ బాగా లేదు" అంటే నాకేం అర్థమవుతుంది? మా పిల్లలూ ఇలాగే రాస్తారు, "పేషెంటు పరిస్థితి బాగా లేదు" అని. ప్రతి కాయితం మీదా ఎర్ర పెన్సిల్‌తో "ఎవరికి? ఎవరు చెప్పారు? ఎవరు చూశారు?" అని గీకి గీకి నా వేలు కాయ కాసింది. దాంతో నాకు "ఎవరికమ్మ" అని పేరు పెట్టారు. నాకు తెలియదనుకుంటారు వెధవలు. వరండాలో నేను వస్తుంటే "ఎవరికమ్మ వస్తోంది" అని గుసగుసలు.

చూడు, డాక్టరు రోగానికి పేరు పెడతాడు. ఆ రోగంతో మనిషి ఏం పడుతున్నాడో దానికి పేరు పెట్టాల్సింది నర్సు. దాన్నే మేం నర్సింగ్ డయాగ్నసిస్ అంటాం. అందులో మూడు ముక్కలుంటాయి. కష్టం ఏమిటి, అది దేనివల్ల, నీకెలా తెలిసింది. మూడోది లేకపోతే మొదటి రెండూ గాలి కబుర్లు. నా వార్డులో ఒకసారి పక్కపక్క మంచాల మీద ఇద్దరు కాలు తీసేసినవాళ్ళు ఉండేవారు. ఒకడికి నొప్పి. ఇంకొకడికి నొప్పి లేదు, భార్య తన మూత్రం సీసా మోయడం పక్కవాళ్ళు చూస్తున్నారని సిగ్గు. ఇద్దరికీ ఒకే మాత్ర ఇస్తే ఏం లాభం చెప్పు.

కాబట్టి విడమరిచి రాయి. తిండి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, విరేచనం సంగతి, నొప్పి ఎక్కడ, ఎలాంటిది. వాడు చెప్పింది ఒకవైపు రాయి, నువ్వు చూసింది ఒకవైపు. నీ తీర్పులు కలపకు. పాపం అనే మాట ఎక్కడా రాకూడదు.

కంగారుపడకు. నువ్వు గట్టిదానివి. వాడు నీ చేతిలో పడ్డాడు కాబట్టి నేనిక్కడ ధైర్యంగా కూర్చున్నాను.

వదిన


లాండ్రీ, దుప్పట్లు మడతపెట్టే బల్ల

వదినకి,

మీరు చెప్పినట్టే రాస్తున్నాను. పాపం అనే మాట రెండుసార్లు వచ్చింది, కొట్టేశాను.

ఆయన చెప్పింది. కుడికాలి బొటనవేలు దురద పెడుతోందన్నారు. ఆ కాలే లేదు కదా వదినా. దుప్పటి సర్దాను. దుప్పటి చదునుగా ఉన్నచోట చెయ్యి పెట్టి గోక్కుంటున్నారు. కాసేపటికి మండుతోందన్నారు, ఎవరో వేళ్ళు మెలితిప్పుతున్నట్టుందన్నారు. "అక్కడేం లేదు కదండీ" అన్నాను. దిండు విసిరారు. దిండు వెళ్ళి మీరు పెళ్ళికిచ్చిన గడియారానికి తగిలింది. గడియారం బాగానే ఉంది.

చూసింది. తిండి రెండు ముద్దలకే చాలనిపిస్తోంది, మూడోది దిగదు. కడుపు ఉబ్బరం, ఎప్పుడూ ఏదో తిని కూర్చున్నట్టే ఉంటుంది. విరేచనం సాఫీగా లేదు. నడుము కింద లాగేస్తోంది, ఒక పక్కకి తిరిగి పడుకుంటేనే కాస్త నయం. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోంది, ఇక ఆ తర్వాత కన్ను మూతపడదు. దేని మీదా మనసు నిలవడం లేదు.

ఇంకొకటి ఉంది, ఎటువైపు రాయాలో తెలియలేదు. లిఫ్టు చూడ్డానికి కొత్త మెకానిక్ వచ్చాడు. కింద అతను ఏదో కొడుతుంటే ఆయన మంచం మీద నుంచే విని, "బేరింగు కాదురా, తాడు" అని గోడతో అన్నారు. అది చెప్పినట్టా, చూసినట్టా?

మీ జవాబు కోసం చూస్తుంటాను. నిజంగానే చూస్తుంటాను వదినా.

మీ మరదలు


నర్సింగ్ స్కూలు హాస్టలు

మరదలా,

శభాష్. మా మూడో సంవత్సరం పిల్లల కంటే నయం. నీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాను, ఎవరిదో చెప్పలేదులే. గోడతో మాట్లాడింది రెండువైపులా రాయొచ్చు.

ఇక విను. మొదటిది, లేని కాలు నొప్పి. అది వట్టి భ్రమ కాదు, నిజం నొప్పే. కాలు పోయినా దాని కబుర్లు మెదడుకి చేరుతూనే ఉంటాయి. ఇంకెప్పుడూ "అక్కడేం లేదు" అనకు. నొప్పి ఉందని పేషెంటు చెబితే ఉన్నట్టే, మాకు మొదటిరోజు పాఠం అది. ఎక్కడ, ఎలా ఉందని అడుగు. ఉన్న కాలికి అదే చోట రుద్దు. కోసినచోట మెత్తటి గుడ్డతో మెల్లగా తట్టు. దీనికి వేరే మాత్రలుంటాయి, డాక్టర్ని అడుగు.

రెండోది పెద్దది. తిండి, నిద్ర, నడుము, మనసు నిలవకపోవడం. వీటన్నిటినీ ఒకచోట పోగేసి చూస్తే ఒకటే పేరు వస్తుంది. దుఃఖం. కాలు పోయింది, దాంతో పనీ పోయింది. ఏడవని దుఃఖం ఒంట్లోకి దిగుతుంది, మగవాళ్ళలో మరీను. ఉబ్బరం, విరేచనం సంగతంటావా, రోజంతా మంచం మీద ఉంటే ఎవరికైనా అంతే. ఇందులో భయపడాల్సింది ఏదీ లేదు.

నడుముకి వేడినీళ్ళ సంచి పెట్టు. పెట్టి, ఆ తర్వాత కదిలించు. తినబుద్ధి కాకపోయినా కొంచెం కొంచెం తినాల్సిందే. నీళ్ళు బాగా తాగాలి. నొప్పి అన్నప్పుడల్లా పడుకోనిస్తే ఆ నొప్పి నెత్తికెక్కి కూర్చుంటుంది. జాలి పడకు. ఇది మనసు నొప్పి, పని పెడితే పోతుంది. కావాలంటే ఈ మాట పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించుకో.

చూశావా, మంచం దగ్గరికి రాకుండానే, ఉత్తరం ముక్క మీద పేషెంటుని చూసేశాను. మీ ఆడపడుచు అంటే ఏమనుకున్నావు.

వదిన


లాండ్రీ

వదినకి,

మీ ఉత్తరం చదివితే ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. రెండుసార్లు చదివాను. భయపడాల్సింది లేదు అన్న చోటు మాత్రం చాలాసార్లు చదివాను. మీరన్న మాట గోడకి అంటిస్తే ఆయన చదువుతారని ఇంట్లో పెట్టలేదు. పెద్ద అక్షరాలతో రాసి ఇక్కడ నా బల్ల కింద, కూర్చుంటే కనిపించేచోట అంటించాను.

కాలు విషయంలో మీరు చెప్పింది అచ్చంగా పనిచేసింది. మొన్న మళ్ళీ మండుతోందన్నారు. "ఎక్కడ, మడమ దగ్గరా, వేళ్ళ దగ్గరా" అని అడిగాను. ఆయన నావైపు తిరిగి, "నమ్ముతున్నావా" అన్నారు. "మీ అక్క నమ్మమంది" అన్నాను. ఎడమ మడమ రుద్దుతుంటే చాలాసేపటికి కళ్ళు మూసుకున్నారు. తర్వాత పనిముట్ల పెట్టె అడిగారు. స్పానర్లన్నీ మంచం మీద పరుచుకుని గుడ్డతో తుడుస్తున్నారు. దుప్పటికి నూనె మరకలు. లాండ్రీలో పనిచేసే దాని ఇంట్లో ఆ దుప్పటి చూస్తే నవ్విపోతారు.

మిగతావి మాత్రం అలాగే ఉన్నాయి. వేడినీళ్ళ సంచి పెట్టినంతసేపూ బాగుంటోంది, తీస్తే మళ్ళీ మామూలే. ఉబ్బరం తగ్గలేదు. బట్టలు భుజాల దగ్గర వదులు, నడుము దగ్గర బిగుతు. ఉంగరం జారిపోతుంటే దారం చుట్టాల్సి వచ్చింది. మెట్ల మీద ఆయాసం. పని పెట్టినా పోవడం లేదు వదినా. దుఃఖం మామూలుగా ఎన్నాళ్ళుంటుంది?

మీ మరదలు


నర్సింగ్ స్కూలు, పరీక్షల గది

మరదలా,

పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి, నీ ఉత్తరం గబగబా చదివాను, గబగబా రాస్తున్నాను. ఏమీ అనుకోకు.

దుఃఖానికి గడువు ఉండదు. కానీ నాకో అనుమానం ఉంది, చెబుతాను, కోప్పడకు. నువ్వు గారాబం చేస్తున్నావు. స్పానర్లు తుడిచే ఓపిక ఉన్నవాడికి తినే ఓపిక లేదా? బట్టలు నడుము దగ్గర బిగుతు అంటున్నావు, కదలకుండా కూర్చుంటే పొట్ట రాక ఏమవుతుంది. ఆయాసమూ అంతే, పడుకుని పడుకుని ఊపిరి పైపైనే ఆడుతోంది. నిటారుగా కూర్చుని దీర్ఘంగా ఊపిరి తీసి వదలాలి, రోజుకి కొన్నిసార్లు. చిన్నప్పుడు వాడికి జ్వరం వస్తే మా అమ్మ ఇలాగే నెత్తిన పెట్టుకునేది, జ్వరం తగ్గినా వారం దాకా మంచం దిగేవాడు కాదు. వాడి వేషాలు నాకు తెలియవా.

నువ్వు లోకువ ఇవ్వకు. నేను చెప్పింది చెప్పినట్టు చేయి. నువ్వు కూడా డీలా పడితే ఆ ఇంట్లో ఇక మనిషే లేనట్టు.

వదిన


రెండో అంతస్తు మెట్లు

వదినకి,

అలాగే. ఊపిరి తీయడం జరుగుతోంది. గారాబం ఏమీ జరగడం లేదు, ఒట్టు.

ఆయన కర్రల మీద వంటింటిదాకా వస్తున్నారు. నిన్న గిన్నెలు తోమారు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి. ఒక గిన్నె ఎత్తి వెలుతురులో తిప్పి చూస్తున్నారు, లిఫ్టు భాగం చూసినట్టు. నవ్వొచ్చింది. నవ్వితే పక్కలో పట్టేస్తోంది.

అక్షరాలు వంకరపోయాయి, ఏమీ అనుకోకండి. మీ పరీక్షలు కానివ్వండి. తొందరేం లేదు.

మీ మరదలు


నర్సింగ్ స్కూలు హాస్టలు

మరదలా,

పొద్దుటి నుంచి జవాబు కాయితాలు దిద్దుతున్నాను. ఒక అమ్మాయి ఇలా రాసింది. "ఆకలి లేదు, నడుము నొప్పి, నిద్ర లేదు." అలవాటుగా పక్కన ఎర్ర పెన్సిల్‌తో "ఎవరికి?" అని రాశాను. రాశాక తర్వాతి కాయితం తీయలేకపోయాను.

నీ ఉత్తరాలు బయటికి తీశాను. వరుసగా పెట్టి, మొదటి నుంచి, మా పిల్లల కాయితాలు దిద్దినట్టే దిద్దాను. తమ్ముడి మాట వచ్చినచోటల్లా ఆయన అని రాశావు. ఆయన అన్నారు, ఆయన విసిరారు, ఆయన గిన్నెలు తోమారు. ఆకలి దగ్గర ఆయన లేడు. ఉబ్బరం దగ్గర లేడు. నడుము దగ్గర, నిద్ర దగ్గర, ఉంగరం దగ్గర లేడు. మన మాట తీరే అంత. ఆకలి పోతుంది, నొప్పి వస్తుంది, కళ్ళు తిరుగుతాయి, ఎవరికో చెప్పకపోయినా మాట నిండుగానే ఉంటుంది. నువ్వు ఒక్క అబద్ధం రాయలేదు. ఎవరికో రాయలేదు, అంతే.

నువ్వు చూసింది రాయమంటే నడుము లాగుతోందని రాశావు. ఇంకొకరి నడుము లాగడం కంటికి ఎలా కనిపిస్తుంది? మొదటి సంవత్సరం పిల్ల అలా రాస్తే కాయితం మొహాన కొట్టేదాన్ని. నీకు శభాష్ అన్నాను. తిండి తిననివాడికి పొట్ట ఎలా వస్తుందని అడగలేదు. కాలు లేనివాడు, గడప దాటనివాడు, వాడికి మెట్ల మీద ఆయాసమేమిటని అడగలేదు. పైగా ఊపిరి కసరత్తులు నేర్పాను. చివరికి నువ్వు మెట్ల మీద కూర్చుని ఉత్తరం రాసి, పైన ఆ మాటే రాసి పంపితే అప్పుడూ రెండు రోజులు బల్ల మీద పడేశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నీకెలా ఉందని ఏ ఉత్తరంలోనూ అడగలేదు మరదలా. నువ్వు గట్టిదానివి అని రాసి నా పని అయిపోయిందనుకున్నాను.

ఇందాక ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాం వదినా" అన్నావు. ఉన్నాను అనలేదు. వాడు పక్కనే ఉన్నాడని తెలుసు, అందుకే గుచ్చి అడగలేదు.

ఈసారి నేనే పేరూ పెట్టను. ముందు డాక్టరు చూడాలి. ఇది అందిన రోజే ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. రెండు ముద్దలకే నిండిపోతోందని, ఒళ్ళు తగ్గుతూ పొట్ట పెరుగుతోందని ఈ మాటల్లోనే చెప్పు. స్కాన్ తీయమని నువ్వే అడుగు, వాళ్ళు చెప్పేదాకా ఆగకు. నాకు జవాబు రాయి. ప్రతి మాట ముందూ నాకు అని పెట్టి రాయి. అది అందగానే కాయితాలు వేరేవాళ్ళకి అప్పగించి, సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా బండెక్కుతాను.

వదిన


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

వదినకి,

నాకు ఆకలి లేదు. నాకు కడుపు ఉబ్బరం. నాకు నడుము లాగేస్తోంది. నాకు మెట్ల మీద ఆయాసం. నాకు నిద్ర లేదు. చాలా? అలవాటు లేని మాట, చెయ్యి తిరగడం లేదు.

మీ ఉత్తరం అందిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆయనకి ఆ రోజు కొత్త కర్రలు తేవాల్సి ఉంది. మర్నాడు దుప్పట్ల మూట ఎత్తబోయి కూలబడ్డాను. లాండ్రీవాళ్ళే తెచ్చి ఇక్కడ చేర్చారు. మీరు చెప్పమన్న మాటలే చెప్పాను. స్కాన్ తీశారు. కడుపులోంచి నీళ్ళు తీశారు, సీసాలకి సీసాలు. తీశాక ఎన్నాళ్ళకో ఊపిరి పూర్తిగా ఆడింది. అండాశయంలో మొదలై కడుపంతా పాకిందట. ఇప్పుడు కోసినా లాభం లేదంది డాక్టరమ్మ. ఒకసారి కాయితాలు చూస్తూ చెప్పింది, తర్వాత నా మొహం చూసి ఇంకోసారి చెప్పింది. ముందే వచ్చి ఉంటే అంది. ఎంత ముందో నేను అడగలేదు. మీరూ అడగకండి.

ఎందుకు దాచావంటారు. మొదట్లో దాచాలని లేదు. ఆయన సంగతి రాస్తూ రాస్తూ నాదీ రాసేశాను, రెండూ కలిసిపోయాయి. ఆయనకీ సహించడం లేదు, నాకూ సహించడం లేదు, విడదీయడం ఎందుకులే అనుకున్నాను. రెండోసారి తెలిసే రాశాను. నర్సుని అడిగినట్టూ ఉంటుంది, నాకు జబ్బు అని చెప్పకుండానూ ఉంటుంది. అంతలో మీ జవాబు వచ్చింది. ఇది మనసు నొప్పి, పని పెడితే పోతుంది. నాది జబ్బు కాదు, దుఃఖం. దుఃఖమైతే మంచం ఎక్కక్కర్లేదు కదా. మా ఇంట్లో ఉన్నది ఒక్క మంచం. నేనెక్కితే ఆయన ఎక్కడికి పోతారు, ఆయన్ని పట్టుకుని లేపేదెవరు? అందుకని నమ్మాను. నడుము లాగినప్పుడల్లా బల్ల కింద మీ మాట చదువుకుని ఇంకో మూట ఎత్తేదాన్ని. వేడినీళ్ళ సంచి నేనే పెట్టుకున్నాను. ఊపిరీ నేనే తీశాను. మీరు చెప్పింది ఏదీ మానలేదు.

మీ తప్పేం లేదని రాద్దామని కలం పట్టుకున్నాను. రాయలేకపోతున్నాను వదినా. కొంత మీది, కొంత నాది. నాకు మీ మీద కోపంగా ఉంది. నా మీద ఇంకా కోపంగా ఉంది. నాకు భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. మీరు చెప్పకపోయినా ఇక్కడ నాకు అనే వచ్చింది.

ఆయన రాలేదు. ఎలా వస్తారు, అన్ని మెట్లు. ఫోనులో ఆయన ఊపిరి మాత్రం వినిపిస్తుంది. మీరు దిగగానే అలవాటుగా ముందు తమ్ముడి దగ్గరికి వెళ్తారు. వెళ్ళకండి. ముందు ఇక్కడికి రండి. వచ్చి నన్ను చూడండి.

మీ మరదలు


రెండో అంతస్తు మెట్లు

అక్కా,

నువ్వు వెళ్ళి నెల దాటింది. నీకు నేనెప్పుడూ ఉత్తరం రాయలేదు, మా ఇంట్లో రాసే మనిషి వేరే ఉండేది. చివరి దాకా దానికి అన్నీ నువ్వే చేశావు. ఒళ్ళు తుడిచావు, తల దువ్వావు, నొప్పి ఎక్కడ ఎలా ఉందో పూటపూటా అడిగి మందు ఇప్పించావు. నన్ను కుర్చీలో మోయించి దాని దగ్గరికి తెప్పించావు. ఒక్కసారైనా నవ్వించావు కూడా, ఏదో ఎవరికమ్మ అని. నాకు అప్పుడు అర్థం కాలేదు.

నువ్వు మీ ఇద్దరి ఉత్తరాలన్నీ నా దిండు కింద పెట్టి వెళ్ళావు, ఎర్ర గీతలతో సహా. చదివాను. నువ్వు దూరాన ఉండి అడగలేదని ఏడుస్తున్నావు. నేను అదే గదిలో ఉన్నాను. వేడినీళ్ళ సంచి రోజూ వంటింట్లోంచి ఆవిరి కక్కుతూ వచ్చేది. నాకు ఒక్కసారి కూడా పెట్టలేదది. ఎవరికి అని నేనూ అడగలేదు.

ఈ రోజు మెట్లు దిగాను. పడ్డాను, ఏం కాలేదులే. లాండ్రీకి వెళ్ళి దాని సామాను అడిగాను. ఒక చెప్పుల జత, ఒక గ్లాసు. బల్ల కింద నీ మాట ఇంకా అంటించే ఉంది, దాని చేతిరాత. గోటితో గీకి ఊడదీసి జేబులో పెట్టుకున్నాను. నీకు పంపుదామనుకున్నాను కానీ పంపను, నా దగ్గరే ఉండనీ.

తిండి సహించడం లేదు. నిద్ర లేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తోంది. ఎవరికని అడుగుతావు కదా, నాకు. మొదట్లో నువ్వు నా కష్టానికి పెట్టిన పేరు ఇప్పుడు సరిపోతుందేమో చూడు. దానికి ఏం చేయాలన్నావో అది కూడా చదివాను. పని పెట్టమన్నావు. లిఫ్టు గది తాళం అడిగాను, రేపు ఇస్తామన్నారు. తాడే, నేను ముందే చెప్పాను.

తిరిగి వస్తూ ఇక్కడ కూర్చుండిపోయాను. ఇంకో అంతస్తు ఉంది. రెండో అంతస్తు ఆవిడ తలుపు తీసి, మీ ఆవిడ కూడా రోజూ ఇక్కడే కూర్చునేది అని చెప్పి మంచినీళ్ళిచ్చింది. కాయితం, పెన్ను ఆవిడవే. ఆయాసం వస్తోంది అక్కా, నాకు.

నీకెలా ఉందో రాయి.

తమ్ముడు